ఒక్క బొమ్మల పుస్తకంతో పదిహేను రోజులు

చి. సుజాతకు దీవెనలు.

మీ అంగన్‌వాడీ కేంద్రంలో ఇరవై మంది పిల్లలు, చేతిలో ఉన్నది ఒకే జంతువుల బొమ్మల పుస్తకం, దాంతో రోజూ ఏం చేయించను అని అడిగావు. ఒకటే ఉండటం మేలే. రోజుకో పుస్తకం తిప్పేస్తే ఏదీ వంటబట్టదు.

ముందు కూర్చోబెట్టే పద్ధతి చూసుకో. ఇరవై మందినీ ఒకచోట పోగేస్తే వెనకున్నవాడికి బొమ్మ కనపడదు, కనపడనివాడు పక్కవాణ్ణి గిల్లుతాడు. ఎనిమిది మందికి మించకుండా అర్ధచంద్రంలా కూర్చోబెట్టు. మిగతావాళ్లు ఆయమ్మ దగ్గర బంకమట్టితో ఆడుకుంటారు. పుస్తకం నీ ఒళ్లో కాదు, వాళ్ల కళ్ల ఎత్తులో పట్టుకో. కిటికీ నీ వీపు వెనక ఉండకూడదు, వెలుగు బొమ్మ మీద పడాలి.

మొదటి రోజు చదవకు, బొమ్మలే చూపించు. "ఇదేంటి?" అంటే తెలిసిన ఇద్దరే అరుస్తారు, తక్కినవాళ్లు నోరు మెదపరు. "ఏం చేస్తోంది?" అని అడిగి, మనసులో ఐదు లెక్కపెట్టుకునేదాకా ఆగు. రెండో రోజు చదివి వినిపించు. మూడో రోజు కావాలని తప్పు చెప్పు: ఆవు బొమ్మ చూపించి "కొక్కొరొకో అంది" అను. నిన్ను సరిదిద్దే సందడిలో ఎప్పుడూ మాట్లాడని పిల్ల కూడా గొంతు విప్పుతుంది. అంబా, మే, కావ్ కావ్‌లతో ఆపేయకు. గుర్రం సకిలిస్తుంది, గాడిద ఓండ్ర పెడుతుంది, ఏనుగు ఘీంకరిస్తుంది, పాము బుసకొడుతుంది. నాలుగేళ్లవాళ్లకి ఈ మాటలేం బరువు కావు.

బొమ్మల పుస్తకాలతో ఒక చిక్కుంది. చీమైనా ఏనుగైనా పేజీ నిండా ఒకే సైజులో ఉంటాయి. ఏనుగును చూడని పిల్లాడి లెక్కలో అది మేకంత. అందుకని 9 అడుగుల తాడు కొలిచి వరండాలో నేలమీద తిన్నగా పరుచు. పెద్ద మగ ఏనుగు కాళ్ల నుంచి భుజం దాకా సుమారు అంత ఎత్తుంటుంది. తాడు పక్కన పిల్లల్ని ఒకరి కాళ్లకి ఇంకొకరి తల ఆనేలా పడుకోబెట్టు. మూడేళ్లవాళ్లు ముగ్గురు పడతారు. తర్వాత అప్పుడే పుట్టిన గున్న ఎత్తు, సుమారు 3 అడుగులు, గోడ మీద సుద్దతో గీత గియ్యి. ఒక్కొక్కరే వచ్చి గీత పక్కన నిలబడతారు, మడమలెత్తి మోసం చేసేవాళ్లు కూడా ఉంటారు. కొలత అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది, అంకెలు దిద్దించే పని తర్వాత చూసుకోవచ్చు.

పాత కేలెండరు అట్టలతో 4 అంగుళాల చదరపు కార్డులు 12 చేసుకో, ఒక్కోదాని మీద ఒక జంతువు. నేలమీద రెండు తాళ్లు గుండ్రంగా పెట్టి ఒక్క తేడాతోనే మొదలుపెట్టు: రెండు కాళ్లవి, నాలుగు కాళ్లవి. పాము, చేప చేతికొచ్చేసరికి అందరూ నీ మొహం చూస్తారు. చెప్పకు. మూడో తాడు వాళ్లే అడగాలి. మర్నాడు నేల మీదవి, నీళ్లలోవి. కప్ప దగ్గర తగువు తప్పదు. అప్పుడు రెండు చుట్లనీ కాస్త ఒకదాని మీదికి ఒకటి జరిపి, కప్పని మధ్యలో పెట్టించు.

మాస్కులు చేయించకు. మొహం కప్పితే చిన్నవాళ్లు జడుసుకుంటారు, కళ్ల కన్నాలు కుదరక తట్టుకుని పడతారు. చార్టు కాగితం 2 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు పట్టీ కత్తిరించి తలకి చుట్టి, దానికి చెవులు అతికించు. నాలుగేళ్ల పిల్లల తల చుట్టుకొలత 20 అంగుళాల దాకా ఉంటుంది, మిగిలింది అతుకుకి సరిపోతుంది. స్టేప్లరు పిన్ను కొనలు బయటివైపుకి రావాలి, వాటిపైన టేపు వెయ్యి.

అతికించడానికి మైదా జిగురు చాలు. నాలుగు చెంచాల మైదాని అర కప్పు చన్నీళ్లలో కలిపి, మరుగుతున్న కప్పు నీళ్లలో పోస్తూ తిప్పు. పిండిని నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. ఏ రోజుకారోజే కాచుకో, నిలవ ఉంటే పులిసిపోతుంది. సింహం జూలుకి కొబ్బరి పీచు, గొర్రెకి దూది. కళ్లకి మాత్రం గురివింద గింజలు ముట్టుకోవద్దు, ఎంత ముద్దుగా ఉన్నా సరే. అవి విషం, నమిలితే ప్రాణం మీదికొస్తుంది. చింతపిక్కలూ వద్దు, ముక్కుల్లో దూర్చుకుంటారు. స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టిస్తే సరి.

గీసిచ్చిన బొమ్మలో రంగులు నింపించడం చేతులకి పనే కానీ బుర్రకి కాదు. ఇన్‌స్పెక్షన్‌కి చూపించడానికి ఒకటి రెండు ఉంచుకో, చాలు.

పుస్తకంలో తప్పులుంటే మాట్లాడించడానికి వాడుకో. మంచు ఎలుగునీ పెంగ్విన్‌నీ ఒకే మంచుగడ్డ మీద గీసేస్తుంటారు, నిజానికి ఎలుగు ఉత్తర ధ్రువానిది, పెంగ్విన్ దక్షిణార్ధగోళానిది. పాము ఇల్లు పుట్ట అని రాస్తారు, కట్టేది చెదపురుగులు.

ఇక పేజీలు చిరగడం. పిల్లలు అరచేత్తో పేజీ మధ్యలో తోస్తారు, కుట్టు దగ్గర చిరుగుతుంది. పైమూల రెండు వేళ్లతో పట్టుకుని తిప్పడం మొదటివారమే నేర్పించు.

మీ పెద్దమ్మ