ప్రతిభావంతుల తరగతికి మా అబ్బాయిని తీసుకోలేదు, బడి నిర్ణయాన్ని మార్చమని అడగవచ్చా?

మూడో తరగతి చదివే మీ అబ్బాయిని బెంగళూరులో బడి వారు ప్రతిభావంతుల ప్రత్యేక తరగతికి ఎంపిక చేయలేదని, అప్పీలు చేస్తే ఫలితం ఉంటుందా అని అడిగారు. రెండేళ్ల క్రితం మేమూ ఇదే ఊళ్లో ఇదే పని చేశాం. సగం గెలిచాం అనుకోండి.

ఈ తరగతులు బడి తన ఇష్టంతో నడుపుకునేవి. అప్పీలు వినేది కూడా ఆ బడే. మా వారు మొదటి లేఖలో విద్యాహక్కు చట్టం 2009, 13వ సెక్షన్ అంటూ ఊదరగొట్టారు. పిల్లలను బడిలో చేర్చుకునేటప్పుడు వడపోత పరీక్షలు పెట్టకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. మా వాడు అప్పటికే అక్కడ చదువుతున్నాడు కదా! ఇది ప్రవేశం కాదని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. లేఖలో మిగిలిన రెండు పేజీలూ మా వాడు ఎంత తెలివైనవాడో చెప్పేవే. అవి ఎవరైనా చదివారని నేననుకోను.

రెండోసారి నేను రాశాను. పొగడ్త ఒక్కటీ లేదు. ఏ పరీక్ష పెట్టారు, ఏ భాషలో పెట్టారు, ఒక్కో భాగంలో ఎంత వచ్చింది, ఎంత వస్తే తీసుకుంటారు అని మాత్రమే అడిగాను. వారం తర్వాత కౌన్సెలర్ పిలిచి కాగితం చూపించారు. కటాఫ్ 120, మా వాడికి మొత్తం మీద 117. మాటల భాగంలో 98, ఆకారాల భాగంలో 131. ఆ తెలివితేటల (ఐక్యూ) కొలతలో సగటు 100; 130 దాటేవారు నూటికి ఇద్దరే ఉంటారు. రెండు భాగాల మధ్య అంత దూరం ఉన్నప్పుడు మొత్తం అంకెను నమ్ముకోకూడదని ఆవిడే ఒప్పుకున్నారు.

మాటల భాగంలో జరిగింది విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మామిడిపండుకూ అరటిపండుకూ పోలిక ఏమిటి, ఇలాంటి ప్రశ్న ఒకటి ఇంగ్లీషులో అడిగారట. రెండూ పళ్లు అంటే పూర్తి మార్కులు. ఏడేళ్లు వచ్చేదాకా తెనాలిలో మా అత్తగారి దగ్గర పెరిగిన పిల్లవాడు, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, "రెండింటినీ గడ్డిలో పెడతారు" అన్నాడు. కాయలు మాగవేయడం గురించి చెబుతున్నాడని ఆ గదిలో ఎవరికి తెలుస్తుంది? సున్నా వేశారు.

అయితే మాకు అసలు పట్టు దొరికింది బడి బ్రోచర్‌లో. అమెరికా విద్యావేత్త జోసెఫ్ రెంజుల్లి 1978లో చెప్పిన మూడు వలయాల పద్ధతిని పాటిస్తామని అందులో గొప్పగా అచ్చు వేశారు. సగటును మించిన సామర్థ్యం, సృజన, పట్టిన పనిని వదలని పట్టుదల, ఈ మూడూ కలిసిన చోట ప్రతిభ ఉంటుందని ఆయన అన్నారు. బడి కొలిచింది మొదటిది ఒక్కటే. మిగిలిన రెండింటికీ ఏం చూశారని అడిగాను. మూడు రోజులు జవాబు లేదు, తర్వాత పిల్లవాడు సొంతంగా చేసినది ఏదైనా ఉంటే పంపమన్నారు.

మా వాడి నోటుపుస్తకం ఒకటి పంపాను. అత్తగారు అలమరా అరల్లో పాత క్యాలెండరు కాగితాలు పరుస్తారు. అక్కడ 2017 కాగితం చూసి, అది 2023తో తేదీ తేదీకీ వారం వారానికీ సరిపోతోందని వీడు కనిపెట్టాడు. ఇక వదల్లేదు. ఏడాదికి ఒక రోజు ముందుకు జరుగుతుందని, ఫిబ్రవరి 29 వస్తే రెండు రోజులని పద్నాలుగు పేజీల నిండా లెక్కలు వేశాడు. చివరి పేజీలో "ఉగాది మాత్రం ఎందుకు కలవలేదు?" అని రాసుకున్నాడు. అంతా తెలుగులోనే ఉంది. వాళ్ల లెక్కల టీచరు కన్నడిగ. అక్షరాలు దగ్గరివే కాబట్టి సగం తనే కూడబలుక్కుని చదివారట, మిగిలింది వాడిని కూర్చోబెట్టి అడిగారు. అప్పీలు విన్న బడి కమిటీలో మా తరఫున మాట్లాడింది ఆవిడే.

బయటి సైకాలజిస్టు నివేదిక తెచ్చేముందు, బడి దాన్ని లెక్కలోకి తీసుకుంటుందో లేదో రాతపూర్వకంగా అడగండి. మేము అడగకుండా డబ్బు పోశాం, దాన్ని ఫైలులో పెట్టుకుని ఊరుకున్నారు. వెళ్లాలనుకుంటే భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు వెళ్లి, బడిలో ఏ పరీక్ష పెట్టారో ముందే చెప్పండి. అదే పరీక్ష కొద్ది నెలల్లో మళ్లీ రాయిస్తే అలవాటు వల్లే అంకె పెరుగుతుంది, దాన్ని ఎవరూ నమ్మరు.

చివరికి బడి తన నిర్ణయాన్ని రద్దు చేయలేదు. ఒక టర్మ్ లెక్కల తరగతిలో మాత్రం కూర్చోనిచ్చి చూస్తామన్నారు. టర్మ్ అయ్యాక అందులో ఉంచేశారు, భాషల తరగతికి తీసుకోలేదు. నిజానికి అది న్యాయమే అనిపించింది, మా వారు ఇప్పటికీ ఒప్పుకోరు.

ఈ గొడవంతా ఫోనులో హాల్లో నిలబడి మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు అన్నం తింటూ "నేను ఫెయిలయ్యానా అమ్మా?" అన్నాడు. ఆ తర్వాత ఫోనులన్నీ డాబా మీదే.

మా బడిలో ఫలితం చెప్పిన పదిహేను రోజుల్లోగా రాయాలన్న గడువు ఉండేది. మీకు ఎన్ని రోజులిచ్చారో ముందు కనుక్కోండి. కాగితం చేతికి వచ్చాక భాగాల వారీ మార్కులు ఇక్కడ రాస్తే, లేఖ ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.