కొత్తపట్నం ఉప్పుగాలికి కారు షాక్‌లు పాడవకుండా

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసి, "ముందు ఎడమవైపు షాక్ ఆయిల్ కారుతోందంట పెదనాన్నా, కారు కొని ఏడాది కూడా కాలేదు, మెకానిక్ నన్ను మోసం చేస్తున్నాడా?" అని అడిగావు. ఇంట్లో చుట్టాలుండి ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. నువ్వు పంపిన ఫోటోలు నిన్న రాత్రి తీరిగ్గా చూశాను. మోసమేం లేదమ్మా, ఆ షాక్ పోయింది. ఎందుకు పోయిందో కూడా ఆ ఫోటోలోనే ఉంది. మెరవాల్సిన రాడ్డు మీద గోధుమరంగు చుక్కలున్నాయి, దాని చుట్టూ ఉండాల్సిన రబ్బరు తొడుగు చిరిగి కిందికి వేలాడుతోంది. ఆ తొడుగును డస్ట్ బూట్ అంటారు. నీకు కారు అమ్మినాయన దాన్ని ఎప్పుడూ చూసుకున్నట్టు లేదు.

ముందు అసలు పని అర్థం చేసుకో, మిగతాదంతా నీకే తడుతుంది. కారు బరువు మోసేది స్ప్రింగు. స్ప్రింగు ఒక్కటే ఉంటే గుంతలో పడ్డ కారు పడవలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును పట్టి ఆపేది షాక్ అబ్జార్బర్. దాని గొట్టంలో నూనె ఉంటుంది, ఆ నూనెలో సన్న రంధ్రాలున్న పిస్టన్ కదులుతుంది. నూనె ఆ రంధ్రాల గుండా కష్టపడి దూరాలి కాబట్టి ఊపు తగ్గి, ఆ శక్తి వేడిగా మారిపోతుంది. ఈ కాలపు షాకుల్లో నూనె నురగ కట్టకుండా నైట్రోజన్ గ్యాస్ కూడా నింపుతారు. ఇంత నూనెనీ గ్యాస్‌నీ లోపల పట్టి ఉంచేది గొట్టం మూతి దగ్గరుండే చిన్న ఆయిల్ సీల్. రాడ్డు ఆ సీల్‌ను ఒరుసుకుంటూ రోజుకు కొన్ని వేలసార్లు లోపలికీ బయటికీ తిరుగుతుంది.

రాడ్డు మీద క్రోమ్ పూత తలవెంట్రుక కంటే పలచన. అందులో కంటికి కనిపించని సన్న బీటలుంటాయి. ఉప్పు తడి వాటిలోకి దిగితే అడుగున ఉన్న ఉక్కు తుప్పు పడుతుంది, పైన పూత చిన్న పొక్కులా లేస్తుంది. ఆవగింజలో సగం ఉన్నా చాలు, ఆ పొక్కు ఆకురాయిలా సీల్‌ను గీరేస్తుంది. సీల్ తెగితే నూనె కారుతుంది, గ్యాస్ పోతుంది. ఆ రాడ్డును ఎమరీ పేపరుతో రుద్దించి మళ్లీ వాడదామనుకోవద్దు. రుద్దితే మిగిలిన క్రోమ్ కూడా పోతుంది.

నెల్లూరులో షెడ్డు నడిపిన ముప్పై ఏళ్లలో, బండి ఏ వైపు నుంచి వచ్చిందో కింద పడుకుని చూస్తే చెప్పగలిగేవాణ్ణి. సముద్రానికి దూరంగా ఉండే ఉదయగిరి, ఆత్మకూరు వైపు కార్లకు బుష్‌లు, అంటే కీళ్ల దగ్గరుండే రబ్బరు ముక్కలు, అరిగి ఉండేవి, బూటు నిండా ఎర్రదుమ్ము ఉండేది, కానీ రాడ్డు మాత్రం తళతళలాడేది. సముద్రం ఒడ్డునున్న మైపాడు, ఇస్కపల్లి, కృష్ణపట్నం వైపు కార్లలో కిలోమీటర్లు తక్కువ తిరిగినా రాడ్డు మీద చుక్కలు, స్ప్రింగు కూర్చునే పళ్లెంలో పొరలు పొరలుగా లేచిన తుప్పు. నువ్వు ఒంగోలు నుంచి రోజూ కొత్తపట్నం బడికి వెళ్తున్నావు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కారు సముద్రపు గాలికి నిలబడి ఉంటుంది. దారిలో రొయ్యల చెరువులు, ఆ లోడు బండ్ల నుంచి కారే ఉప్పునీళ్లు సరేసరి. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది.

"నీళ్లు ఎండిపోతాయి కదా" అంటావేమో. వంటింట్లో ఉప్పు జాడీ వానాకాలంలో ఎలా చెమ్మగిల్లుతుందో చూశావు కదా. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే ఆ తేమను పీల్చి నీరవుతుంది. మన తీరంలో చాలా రాత్రులు తేమ అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకే పగలు ఎండిపోయినట్టు కనిపించినా, అంటుకున్న ఉప్పు రాత్రి మళ్లీ తడిసి పని మొదలుపెడుతుంది. కడిగి వదిలించడం తప్ప దారి లేదు.

కడగడంలోనే చాలామంది పొరబడతారు. తీరం ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కారు అడుగుభాగం కడిగితే ఉప్పు పోకపోగా ఇంకొంచెం చేరుతుంది. బడి దగ్గర బోరుంది కదా అని అక్కడ కడిగించొద్దు. వారానికొకసారి ఒంగోల్లో ఇంటి దగ్గరే మంచినీళ్లతో, మామూలు పైపుతో, నాలుగు చక్రాల లోపలి వైపునా, స్ప్రింగు పళ్లెంలోనూ మట్టి మొత్తం జారిపోయేదాకా నీళ్లు పట్టు. పైపు పెట్టేముందు నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూడు, ఉప్పగా ఉంటే ఆ నీళ్లు వద్దు. సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్‌తో కొట్టేటప్పుడు సీల్ దగ్గరా బూటు దగ్గరా గన్‌ను దగ్గరగా పెట్టనివ్వకు. కడిగాక ఒక పది నిమిషాలు కారు నడుపు, నీళ్లు విదిలిపోతాయి. తడి కారు మీద కవరు కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది, ఆ పని చేయకు.

కడగడం అయ్యాక "కింద డీజిల్ కొట్టమంటారా అక్కా" అని అడుగుతారు. వద్దని గట్టిగా చెప్పు. డీజిల్ తగిలిన రబ్బరు బుష్‌లు ఉబ్బి మెత్తబడతాయి, ఆ జిడ్డుకు దుమ్ము అతుక్కుని ముద్దలా తయారవుతుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్ కొట్టించినా అంతే. కింద తుప్పు కోటింగ్ వేయించుకో, మంచిదే. కాకపోతే అది రాడ్డు మీదా బూటు మీదా పడకుండా, నీళ్లు కారిపోయే రంధ్రాలు మూసుకుపోకుండా దగ్గరుండి చూసుకో. స్ప్రింగు పళ్లెం మీద తుప్పుంటే వైర్ బ్రష్‌తో గీకించి, ప్రైమర్ వేసి, ఆరాక నల్ల పెయింట్ వేయించు. పళ్లెం బలహీనపడి స్ప్రింగు జారితే నేరుగా టైరుకే తగులుతుంది. అది షాక్ కారడం కంటే ప్రమాదం.

2021 నవంబరు గుర్తుందా? పెన్నా పొంగి మన నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. ఆ తర్వాత మునిగిన కార్లు షెడ్డుకు వరసకట్టాయి. అందరూ ఇంజను గురించీ సీట్ల గురించీ కంగారుపడ్డారు. బూట్లు పైకి లాగి లోపలి బురద కడగాలని నేను కొందరికే చెప్పగలిగాను, మిగతావాళ్లకు ఆ హడావుడిలో చెప్పలేదు. వేసవి వచ్చేసరికి చెప్పనివాళ్ల కార్లు ఒక్కొక్కటే షాక్‌లు కారుతూ తిరిగొచ్చాయి. లోపల ఎండిన బురద రాడ్డును అంటిపెట్టుకుని ఉండిపోయింది. ఆ తప్పు నాదే. అందుకే నీకింత వివరంగా రాస్తున్నాను. ఎప్పుడైనా చక్రం మునిగేంత నీళ్లలోంచి కారు వస్తే, ఆ వారంలోనే బూటు లోపల కడిగించు.

ఇప్పుడు నీ కారు సంగతి. ఒక్క ఎడమది మార్చి ఊరుకోవద్దు, ముందువి రెండూ జంటగా మార్పించు. ఒకటి కొత్తది, ఒకటి అలిసిపోయింది అయితే బ్రేకు వేసినప్పుడూ మలుపులోనూ కారు ఒకవైపు ఒకలా, ఇంకోవైపు ఇంకోలా స్పందిస్తుంది. కొత్త బూట్లు, కొత్త బంప్ స్టాపర్లు (పెద్ద గుంతలో షాక్ అడుగంటా కొట్టుకోకుండా రాడ్డు మీదుండే మెత్తని దిమ్మలు) తప్పకుండా వేయమను. పాతవే పెట్టేస్తే మళ్లీ ఇదే కథ. బూటు ఖరీదు తక్కువే, కానీ దాని కోసం స్ట్రట్, అంటే షాకూ స్ప్రింగూ కలిసిన కూర్పు, మొత్తం దించాలి, అందుకే చాలామంది "తర్వాత చూద్దాం" అంటారు. ఇప్పుడు ఎలాగూ దించుతున్నారు కాబట్టి స్ట్రట్‌ను పైన కారుకు బిగించే మౌంట్ రబ్బరు, దాని బేరింగ్ కూడా చూపించుకో.

బిగించేటప్పుడు పక్కనే నిలబడు. రాడ్డు తిరగకుండా దాన్ని ప్లయర్‌తో పట్టుకునే కుర్రాళ్లుంటారు. కొత్త క్రోమ్ మీద ఆ పళ్ల గాటు పడితే నెలల్లో సీల్ పోతుంది. నా తొలిరోజుల్లో నేనూ అలా ఒక కొత్త షాక్‌ను పాడుచేశాను. స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కకుండా పై నట్టు విప్పడానికి ఎవరైనా సిద్ధపడితే అక్కడి నుంచి కారు తెచ్చేసుకో, ఆ స్ప్రింగు మనిషి ప్రాణం తీయగలదు. రబ్బరు బుష్‌లున్న బోల్టుల చివరి బిగింపు కారు చక్రాల మీద నిలబడ్డాకే చేయమను. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలితిరిగి ఉండిపోయి తొందరగా చిరుగుతుంది. తర్వాత చక్రాల అలైన్‌మెంట్ చేయించు.

వెనకవి ఇంకా బాగున్నాయేమో నువ్వే చూసుకోవచ్చు. గొట్టం మీద మూతి దగ్గర పలచని నూనె చెమ్మ ఉంటే కంగారు లేదు. చుక్కలు కట్టి కిందికి కారుతుంటే పోయినట్టే. కారు మూల గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి నిలబడాలి. మళ్లీ మళ్లీ ఊగితే పని అయిపోయింది. ఊగకపోయినా పూర్తిగా నమ్మలేం, టైరు మీద చెయ్యి నిమిరి చూడు. అక్కడక్కడా గుంటలు గుంటలుగా అరిగి ఉంటే షాక్ సరిగా పట్టడం లేదన్నమాట. సింగరాయకొండ దాటాక హైవే మీద కారు తేలుతున్నట్టు అనిపిస్తోందని పోయిన నెల నువ్వే అన్నావు, అప్పుడే నేను అడగాల్సింది.

అక్టోబరు వానలు మొదలయ్యేలోపు ఈ పని అయిపోవాలి. తీసేసిన పాత షాక్‌లు అక్కడే వదిలేయకుండా డిక్కీలో వేసుకుని దసరా సెలవులకు తీసుకురా. లోపల ఇంకా గ్యాస్ మిగిలి ఉండొచ్చు కాబట్టి ఎవరినీ కోయనివ్వకు. రాడ్డు పైకి లాగి, ఏ చుక్క దగ్గర సీల్ తెగిందో నీకు చూపిస్తాను. పెద్దమ్మ నీకోసం చేపల పులుసుకు మామిడికాయ ఒరుగులు ఎండబెట్టి ఉంచింది.

ఇట్లు,
మీ పెదనాన్న,
నెల్లూరు