‘ఆచార క్షేత్రం’లో వంజరం ధర

సందేహం: చేపల రేవు దగ్గరి వ్యాపారి ఒకాయనకు వర్డ్‌ప్రెస్‌లో వెబ్‌సైట్ చేస్తున్నాను. చేప పేరు, బరువు, ధర, రేవుకొచ్చిన రోజు – వీటికి ‘కస్టమ్ ఫీల్డ్స్’ పెట్టాను. మాటలన్నీ తెలుగులోనే ఉండాలని ఆయన పట్టు. అనువాద యంత్రం ‘ఆచార క్షేత్రం’ అంది, కావలసిన వివరాలు ఏరి తెమ్మని కంప్యూటర్‌కి చెప్పే ‘క్వెరీ’ని ‘ప్రశ్న’ అంది. వాడొచ్చా? – ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం

సమాధానం: అక్షయ తృతీయ నాడు సింహాచలంలో అప్పన్నకు చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారే, అదీ ఆచారం, అదీ క్షేత్రం. వంజరం ధర రాసుకునే చోటుకి ఆ పేరేమిటి నాయనా! యంత్రానికి తెలియదు సరే, మనమైనా ఓసారి పైకి చదివి చూసుకోవద్దూ? ఇక్కడి ‘కస్టమ్’ మన కొలతకు కుట్టించుకున్న చొక్కా లాంటిది. ‘సొంత’ అంటే చాలు.

క్షేత్రం ఇప్పటికే పొలం, పుణ్యస్థలం. గీత 13వ అధ్యాయంలో శరీరం కూడాను. దాని నెత్తిన డేటాబేసు ఎందుకు?

మనకు ‘అర’ ఉంది. పోపులపెట్టెలో ఆవాలకో అర, మెంతులకో అర. ఏది ఎందులో ఉండాలో ముందే తీర్మానం. మీ ఫీల్డ్ చేసే పనీ అదే. ఈ మాటను ఒకప్పుడు బండి ఱతో ‘అఱ’ అని రాసేవారు. సగమనే ‘అర’ వేరు, దానిది మామూలు రేఫ. తమిళులు ఈనాటికీ గదిని అఱై అని, సగాన్ని అరై అని విడివిడిగా రాస్తారు. మన పూర్వకవులు ఈ రెండు రేఫలకూ ప్రాస కలపనిచ్చేవారు కాదు. బండి ఱను వర్ణమాలలోంచి సాగనంపాక రెండు మాటలూ ఒకే వేషం కట్టాయి. ‘అర నిండింది’ అంటే సొరుగు నిండినట్టా, సగమే నిండినట్టా? ఈ ఏడుపు నాకు ఎప్పుడూ ఉండేదేలెండి.

తెరమీద నింపమని కనిపించే డబ్బాను ‘గడి’ అనండి, తప్పులేదు. లోపల సరుకుండేది అర. మా మనవడు అదెలా ఉంటుందో చూపించాడు. గడిలో 350 అని కొడితే లోపల అది అక్షరాలుగానే ఉంటుందట. సంఖ్యగా చూడమని విడిగా చెప్పకుండా ధరల వరసలో పేర్చమంటే 1000 ముందు, 350 వెనక! మొదటి అంకె చూసి, అచ్చం నిఘంటువులో మాటల్లా పేరుస్తుంది. నిఘంటువుల మధ్యే బతికినవాణ్ణి, నాకు ముచ్చటేసింది. మీ వ్యాపారికి వేయకపోవచ్చు.

ఇక క్వెరీ. ప్రశ్నకు జవాబు చెబితే సరిపోతుంది. ‘ధర 500 లోపు చేపలన్నీ పట్రా, నేడొచ్చినవి ముందు పెట్టు’ అనేది పురమాయింపు. ఉర్దూ ‘ఫర్మానా’ మన నోట నాని పురమాయించడమైంది. నాకీ మాట ఇష్టం. అయినా పనిచేసేవాళ్లంతా క్వెరీ అంటుంటే వద్దనను; ‘ప్రశ్న’ కూడా మార్కులు కోసేంత తప్పేం కాదు.

ముందు ‘సొంత అర’ అని ఆయనకు చదివి వినిపించండి. ‘సగమా?’ అని అడిగారా, మారుమాటాడకుండా ‘గడి’ అని పెట్టేయండి.