కర్కటరేఖ రైలు కిటికీలోంచి కనిపిస్తుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాబు ఆరో తరగతి. మొన్న సెలవుల్లో కాజీపేటలో రైలెక్కి ఢిల్లీ పోతుంటే, భోపాల్ దాటాక పక్క సీటాయన "ఇక్కడే కర్కటరేఖ" అన్నాడు. వాడు కిటికీకి అతుక్కుపోయాడు గానీ ఏ గీతా కనిపించలేదు. ఇంటికొచ్చి గ్లోబు ముందేసుకుని "లేని గీతలు ఎందుకు గీశారమ్మా, పరీక్షలో ఎందుకు అడుగుతరు" అని ఒకటే గోల. ఫోన్‌లో మా ఇంటి లొకేషన్ చూస్తే 18.00, 79.58 అని ఏవో అంకెలు వస్తాయి. వాటికీ ఈ గీతలకీ సంబంధం ఉందా? వాడికి ఎలా చెప్పాలి?

జవాబు: గ్లోబు కాసేపు పక్కన పెట్టి, వంటింట్లోంచి ఒక ఉల్లిగడ్డ తెచ్చి వాడి చేతిలో పెట్టండమ్మా. వేళ్లున్న వైపు కిందికి, మొలక వచ్చే వైపు పైకి. పొట్టు మీద సన్నటి గీతలు ఉంటాయి, అన్నీ కింద ఒక్కచోట మొదలై, నడుము దగ్గర ఎడమెడమై, మళ్లీ పైన ఒక్కచోటికే చేరతాయి. రేఖాంశాలు అచ్చం అలాగే ఉంటాయి. ఇప్పుడు అదే ఉల్లిగడ్డను అడ్డంగా చక్రాలుగా కోయండి. నడుము దగ్గరి చక్రం అన్నిటికన్నా పెద్దది, చివరలకు పోయేకొద్దీ చిన్నవి, కోసిన చోట్లు ఒకదానికొకటి ఎక్కడా తగలవు. ఇవి అక్షాంశాలు, నడుము దగ్గరిది భూమధ్యరేఖ. పిల్లలు తడబడేది ఎక్కడంటే, అక్షాంశం గీత తూర్పు పడమరలుగా పోతుంది కానీ అది చెప్పేది మాత్రం మనం ఉత్తరానికో దక్షిణానికో ఎంత ఉన్నామని. రేఖాంశం నిలువుగా పోతూ తూర్పు పడమరల లెక్క చెబుతుంది. ఈ తిరకాసు విడిపోతే సగం పాఠం వచ్చేసినట్టే.

మీ ఫోన్‌లో కనిపించినవి ఈ రెండు లెక్కలే. 18 అంటే మీ ఇల్లు భూమధ్యరేఖకు 18 డిగ్రీలు ఉత్తరాన ఉంది. ఒక్కో అక్షాంశ డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు వేసుకుంటే, భూమధ్యరేఖ మనకు దాదాపు 2,000 కిలోమీటర్ల దూరంలో, శ్రీలంక కూడా దాటాక సముద్రంలో ఉంటుంది. 79.58 అంటే లండన్ దగ్గరి గ్రీనిచ్ మీదుగా పోయే సున్నా రేఖాంశం నుంచి తూర్పుకు అన్ని డిగ్రీలు. రేఖాంశాల మధ్య దూరం అంతటా ఒకేలా ఉండదు, భూమధ్యరేఖ దగ్గర డిగ్రీకి 111 కిలోమీటర్లు, మన వరంగల్ దగ్గర సుమారు 106, ధ్రువాల దగ్గర సున్నా. చుక్క తర్వాత నాలుగో అంకె ఒకటి మారిందంటే మీరు 11 మీటర్లకు అటూ ఇటూగా జరిగినట్టు, పార్సిల్ తెచ్చే అబ్బాయి నేరుగా మీ గేటు ముందుకే వస్తున్నాడంటే ఈ అంకెల వల్లే.

వాడిని గ్లోబు మీద 18 దగ్గర వేలు పెట్టి మెల్లగా తిప్పమనండి. తూర్పుకు పోతే లావోస్ రాజధాని వియంటియాన్, ఇంకా పోతే జమైకా రాజధాని కింగ్‌స్టన్, ఆ తర్వాత ఆఫ్రికాలో మారిటేనియా రాజధాని నౌక్‌చాట్, అన్నీ దాదాపు మన గీత మీదివే. ఒకటి మెకాంగ్ నది ఒడ్డు, ఒకటి దీవి, ఒకటి ఎడారి అంచు. అక్షాంశం ఎండ ఎంత నిటారుగా పడుతుందో చెబుతుంది, వాన సంగతి చెప్పదు.

ఇక కర్కటరేఖ. భూమి 23.5 డిగ్రీలు ఒరిగి తిరుగుతుంది, మీ గ్లోబు వంకరగా నిలబడేది అందుకే. ఆ ఒంపు వల్ల సూర్యుడు సరిగ్గా నడినెత్తికి రావడం 23.5 డిగ్రీల వరకే, ఆ హద్దే కర్కటరేఖ. నేల మీద గీత లేదు, నిజమే. కానీ హద్దు ఉంది, దాన్ని నీడలో చూడొచ్చు. మన వరంగల్‌లో మే 12 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 1 ప్రాంతంలో ఇంకోసారి సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆ రోజు డాబా మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి పెట్టి, 12 గంటలకు ముందు నుంచే చూస్తూ ఉండమనండి. నీడ మెల్లగా కుంచించుకుని 12 దాటిన కాసేపటికి గ్లాసు కిందికే పోతుంది, బయట చారెడు నీడ కూడా మిగలదు. ఆగస్టులో మబ్బులు పడతాయి కాబట్టి మే నెలే నయం, కాకపోతే తలకు తువ్వాలు కట్టి పంపండి. ఢిల్లీలో ఏడాదంతా కాచుకుని కూర్చున్నా మధ్యాహ్నం నీడ అలా మాయం కాదు. మీ రైలు భోపాల్, సాంచి మధ్యలో దాటింది ఆ తేడానే.

12 దాటాక అన్నాను కదా, అక్కడ రేఖాంశం వస్తుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. దేశం మొత్తానికి గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది, అది కాకినాడ దగ్గరగా పోతుంది. మనం దానికి పడమర దాదాపు 3 డిగ్రీలు, అంటే మన మధ్యాహ్నం సుమారు 12 నిమిషాలు ఆలస్యం, ఏడాదిలో కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. విశాఖలో ఉన్న చుట్టాలకు మనకన్నా పావుగంట ముందే తెల్లవారుతుంది, అందుకే ఏ ఊరి పంచాంగం ఆ ఊరిదే వాడాలని మన పెద్దవాళ్లు పట్టుబడతారు.

ఒక్క సంగతి మాత్రం బాబుకు విడిగా చెప్పండి, నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. భూమధ్యరేఖ ఎక్కడుండాలో భూమి తిరుగుడే తేల్చేసింది, దాన్ని ఎవరూ జరపలేరు. సున్నా రేఖాంశం అలా కాదు, అది మనుషులు కూర్చుని ఒప్పుకున్నది. మన పాత జ్యోతిష గణితంలో ఉజ్జయిని మీదుగా పోయే గీతే మొదలు. 1884లో వాషింగ్టన్‌లో 25 దేశాలు సమావేశమైనప్పుడు లండన్ దగ్గరి గ్రీనిచ్‌ను ఎంచుకున్నారు, ఫ్రాన్స్ ఆ ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది.

మే నెల దాకా వాడు ఆగలేనంటే రాత్రి మబ్బు లేనప్పుడు డాబా ఎక్కించండి. ఉత్తరం వైపు ధ్రువనక్షత్రం చూపించి, చేయి చాచి పిడికిలి బిగించి, నేల కలిసే చోటు నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టి కొలవమనండి. ఒక పిడికిలి సుమారు 10 డిగ్రీలు. హనుమకొండలో రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ వస్తుంది, అదే మీ ఫోన్‌లోని 18. ఈసారి ఢిల్లీ పోయినప్పుడు కూడా కొలిచి చూడమనండి, మూడు పిడికిళ్ల దాకా వస్తుంది.