పిల్లికి ఏం పెట్టాలో వెటర్నరీ డాక్టర్లకు నిజంగా తెలుసా?

తెలుసు. కాకపోతే అందరికీ ఒకేలా తెలియదు. దానికి కారణం వాళ్ల చదువులోనే ఉంది. క్లినిక్‌లో అమ్మే ప్యాకెట్టే కొనమంటే నమ్మాలా అని కూడా అడిగారు, దాని సంగతి చివర్లో చెబుతాను.

మన దగ్గర వెటర్నరీ డిగ్రీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. పశుపోషణ అందులో ముఖ్యమైన సబ్జెక్టే. అయితే రాజేంద్రనగర్‌లో చదివినా తిరుపతిలో చదివినా అందులో ఎక్కువ భాగం గేదెలు, ఆవులు, గొర్రెలు, కోళ్ల గురించే. పచ్చిమేత, దాణా, ఖనిజ లవణాలు, పాల దిగుబడి. పాడి మీద బతికే ఇళ్లకు కావలసింది అదే కదా. పిల్లి తిండి మీద పట్టు మాత్రం రోజూ పిల్లుల్ని చూస్తూ, సొంతంగా చదువుకుంటూ సంపాదించుకోవాల్సిందే.

ఆ తేడా మా ఇంట్లోనే చూశాను. మాది మగపిల్లి. మొదట చూపించిన డాక్టరు టీకాలు చక్కగా వేసేవారు. తిండి గురించి అడిగితే మాత్రం "పెరుగన్నం అలవాటు చేయండి, అదే తింటుంది" అన్నారు. కొన్నాళ్లకు అది మాటిమాటికీ మూత్రానికి పెట్టిన ట్రేలోకి వెళ్లి ముక్కుతూ కూర్చునేది, చుక్క కూడా వచ్చేది కాదు. మూత్రం ఆగిపోయింది. ఆ రాత్రి ట్యూబు వేసి కాపాడింది వేరే డాక్టరు. గండం గడిచాక ఆవిడ అడిగిన ప్రశ్నలు నాకింకా గుర్తున్నాయి. డ్రై ఫుడ్ ఎన్ని గ్రాములు? గిన్నె రోజంతా నిండుగా ఉంటుందా? నీళ్లు ఎక్కడ పెడతారు? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఎన్నాళ్లయింది? "ఒక కప్పు పెడతాం" అంటే, ఆ కప్పు తెప్పించి, దాన్ని నింపి కాటా మీద పెట్టి చూశారు. పక్కటెముకలు చేతికి తగులుతున్నాయో లేదో తడిమి చూడటం నా చేత చేయించారు. తిండి తెలిసిన డాక్టర్లు ఇలా ఉంటారు. సలహా ఇచ్చే ముందే ఇన్ని అడుగుతారు.

"డాక్టర్లు కంపెనీల మాటే వల్లిస్తారు" అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 1987లో అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో వెటర్నరీ డాక్టర్లే ఒక విషయం కనిపెట్టారు. కంపెనీ ఫుడ్ తింటున్న పిల్లుల్లో కొన్నింటికి గుండె కండరం బలహీనపడటానికి టారిన్ అనే పదార్థం చాలకపోవడమే కారణమని, అది అందిస్తే గుండె కోలుకుంటుందని తేల్చారు. ఆ తర్వాత కంపెనీలే తమ ఫుడ్‌లో టారిన్ పెంచుకోవాల్సి వచ్చింది. టారిన్ మాంసం, చేపల్లో ఉంటుంది, బియ్యం, పప్పుల్లో ఉండదు. పెరుగన్నంతో పిల్లి కడుపు నిండుతుందేమో గానీ దాని అవసరాలు తీరవు. ఉడికించిన చికెన్ ఒక్కటే పెట్టినా చాలదు. ఎముకలేని మాంసంలో కాల్షియం మరీ తక్కువ, పిల్లి కూనలకైతే ఎముకలే మెత్తబడతాయి.

ఇక ప్యాకెట్ సంగతి. కిడ్నీకో, మూత్ర సమస్యకో డాక్టరు ప్రత్యేక ఫుడ్ రాస్తే అది మందులాంటిదే, మానకండి, సొంతంగా మార్చకండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి మాత్రం క్లినిక్‌లో ఉన్న బ్రాండే అక్కర్లేదు. ప్యాకెట్ మీద 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని, మీ పిల్లి వయసుకు తగినదని రాసి ఉండాలి. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది చిరుతిండి కింద లెక్క. ఫలానా ఫుడ్డే ఎందుకని డాక్టరునే అడగండి. తెలిసినవాళ్లు విసుక్కోకుండా చెబుతారు. "ఏదైనా పెట్టండి" అంటే టీకాలకు ఆయన దగ్గరికే వెళ్లండి, తిండికి ఇంకొకరిని అడగండి.

రెండు సందర్భాల్లో మాత్రం ఎవరికి ఎంత తెలుసని చూడకుండా దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. మగపిల్లికి మూత్రం ఆగిపోతే అదే పూట వెళ్లాలి. లావుగా ఉన్న పిల్లి రెండు రోజులు ఏమీ తినకపోతే లివర్‌లో కొవ్వు పేరుకుపోయే ప్రమాదం ఉంది, మూడో రోజు దాకా ఆగొద్దు.