ప్లాస్టిక్‌ను తినే బూజు గురించి చదువుతానంటోంది, చేర్పించాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. ప్లాస్టిక్‌ను తినే ఫంగస్ గురించి ఎక్కడో చదివి, అదే చదువుతానంటోంది. బంధువులేమో నర్సింగ్‌లో వేసెయ్యమంటున్నారు. అలాంటి కోర్సు ఉందా? ఉద్యోగం వస్తుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ పేరుతో డిగ్రీ కోర్సంటూ లేదండి. ఉందని ఎవరైనా ఫీజు అడిగితే కట్టకండి. కానీ పాప చెప్తున్నది గాలి కబురు కాదు. ఈక్వడార్ అడవుల్లో దొరికిన ఒక ఫంగస్ స్పాంజి పరుపుల్లో వాడే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌ను తిని బతకగలదని అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు 2011లోనే చూపించారు. 2023లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు పాలీప్రొపిలీన్ అనే మరో రకం ప్లాస్టిక్‌ను ముందు వేడితోనో అతినీలలోహిత కాంతితోనో బలహీనపరిచి రెండు రకాల బూజులకు పెడితే, 90 రోజుల్లో నాలుగో వంతు దాకా తగ్గింది. అదంతా ల్యాబ్‌లో, కొద్దిపాటి ముక్కల మీద. మన కాలవ తూముల దగ్గర పేరుకున్న కవర్ల దాకా రావడానికి ఇంకా చాలా పని ఉంది. ఆ పని చేసే ఓపిక ఉందా అన్నదే పాపను అడగాల్సింది.

మీ తోటలో ఏ కొబ్బరి చెట్టుకైనా మొదట్లో బంక కారి, తర్వాత చెక్కలా గట్టిగా పుట్టగొడుగు లేచిందా? అది గానోడెర్మా అనే ఫంగస్. చెట్టుకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ మీదికి ఎంజైములు, అంటే దాన్ని విడగొట్టే రసాలు వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. దానికి నోరూ కడుపూ లేవు, అరుగుదలంతా ఒంటి బయటే. ప్లాస్టిక్ మీద ఫంగస్ చేసేదీ ఇదే. లిగ్నిన్ లాంటి మొండి పదార్థాన్నే విడగొట్టగలవు కాబట్టే శాస్త్రవేత్తలు వీటి వెంట పడ్డారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా కేంద్రంలో ఈ తెగులు మీదా, దాన్ని అణిచే ట్రైకోడెర్మా అనే మరో ఫంగస్ మీదా పని చేస్తారు. అనుమతి అడిగి పాపను ఒకరోజు తీసుకెళ్లండి. ఆకుపచ్చగా ఉండే ఆ ట్రైకోడెర్మా గాజు పళ్లెంలో గానోడెర్మా మీదికి పాకడం చూపిస్తారేమో అడగండి. నా మాటలకన్నా అదే ఎక్కువ చెప్తుంది.

ఇక దారులు. ఐసర్ అంటే సైన్స్ చదువుకూ పరిశోధనకూ ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. దాని ప్రవేశపరీక్ష రాస్తే తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, అంటే డిగ్రీ, పీజీ కలిపి. ఈఏపీసెట్‌తో వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం కింద బీఎస్సీ హార్టికల్చర్, అందులో రైతుబిడ్డలకు కోటా ఉంటుంది. దూరం పంపలేమంటే దగ్గర్లోనే బీఎస్సీ మైక్రోబయాలజీ. కాకపోతే కాలేజీలో మైక్రోస్కోపులు, ఇంక్యుబేటర్ నిజంగా వాడుతున్నారా అని కళ్లారా చూశాకే చేర్పించండి. తర్వాత జామ్ అనే ఐఐటీల ప్రవేశపరీక్ష రాసి ఎమ్మెస్సీ, ఆపైన నెట్ అనే జాతీయ పరీక్షలో పరిశోధకులకిచ్చే జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ.

పరిశోధన దాకా వెళ్లకపోయినా మైక్రోబయాలజీ చదివినవాళ్లకు మందుల కంపెనీల క్వాలిటీ ల్యాబుల్లో, భీమవరం వైపు రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే ల్యాబుల్లో పని ఉంటుంది. మొదట్లో జీతం తక్కువే, ఆ మాట దాచను. నర్సింగ్ మంచి చదువే, ఉద్యోగమూ త్వరగా వస్తుంది. పాపకు ఇష్టం లేకుండా మాత్రం వద్దండి.

ఈలోగా ముత్యపు పుట్టగొడుగుల విత్తనం ఒక ప్యాకెట్ కొనివ్వండి. ఉడకబెట్టి ఆరబెట్టిన వరిగడ్డిలో వేసి, మూడు వారాలపాటు రోజూ ఏం కనిపించిందో నోట్‌బుక్‌లో రాయమనండి. పదో రోజుకీ విడవకుండా రాస్తుంటే, ఐసర్ దరఖాస్తు ఎప్పుడు వస్తుందో చూసి పెట్టుకోండి.