బెర్గెన్ రేవులోని బ్రిగ్గెన్ చెక్క ఇళ్లు నిజంగా మధ్యయుగం నాటివేనా?

కాదు, నార్వేలోని బెర్గెన్ రేవు ఒడ్డున బ్రిగ్గెన్‌లో వరసగా కనిపించే ఆ రంగుల చెక్క ఇళ్లు చాలావరకు 1702 అగ్నిప్రమాదం తర్వాత కట్టినవే. మధ్యయుగం నుంచి వస్తున్నది వాటి అమరిక.

చెక్క ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండటంతో నిప్పు అంటుకుంటే వరసలకు వరసలే బూడిదయ్యేవి. కానీ ప్రతిసారీ అదే స్థలంలో, అదే పద్ధతిలో మళ్లీ కట్టుకున్నారు. ఎందుకంటే ఆ పొడవాటి వరసలు, మధ్యలో ఇరుకు సందులు వ్యాపారానికి సరిగ్గా సరిపోయేవి: ఓడలోంచి దించిన ఎండు కాడ్ చేప నేరుగా గోదాముల్లోకి వెళ్లేది. 1360 ప్రాంతం నుంచి 1754 వరకు ఇక్కడ హన్సా అనే ఉత్తర ఐరోపా వర్తక నగరాల కూటమికి చెందిన జర్మన్ వర్తకుల కార్యాలయం నడిచింది.

1955లో మరో మంట కొంత భాగాన్ని కాల్చేసింది. అక్కడ జరిపిన తవ్వకాల్లో పాత అగ్నిప్రమాదాల బూడిద పొరలు, కాలక్రమంలో సముద్రంలోకి జరుగుతూ వచ్చిన పాత రేవుల ఆనవాళ్లు బయటపడ్డాయి. రూన్ అనే ఉత్తర ఐరోపా పాత లిపిలో చెక్కిన వందలాది రాతలు కూడా దొరికాయి. వాటిలో మామూలు జనం ఇచ్చిపుచ్చుకున్న కబుర్లు ఉండటం నిజంగా అద్భుతం.

అసలు తేదీ తెలిశాక కొందరు "అయితే ఇదంతా టూరిస్టుల కోసం కట్టిన నకలేనా" అంటారు. అది అన్యాయం. ఇవి వర్తకులు తమ అవసరం కోసం కట్టుకుని వాడిన ఇళ్లు. యునెస్కో 1979లో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ముందువైపు ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా సందుల్లోకి తప్పకుండా నడవండి. మధ్యయుగపు కట్టడమే చూడాలంటే, 12వ శతాబ్దపు రాతి మరియా చర్చి పక్కనే ఉంది.